నాయకుడు ఒప్పుకుంటే ఇల్లంతా ఒప్పుకున్నట్టు కాదు

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. మీ జిల్లాలో నలభై ఏళ్ళుగా దళితుల హక్కుల కోసం పోరాడుతున్న పెద్దాయన ఒకరు, ఏడాది పాటు తన ఇంట్లో ఫోటోలు తీసుకోమన్నారని రాశారు. మార్టిన్ లూథర్ కింగ్ కుటుంబం ఫోటోలు చూశాక మీకు ఈ ఆలోచన వచ్చిందన్నారు. అవి ఎలా తీశారు, మీరు ఎక్కడ మొదలుపెట్టాలి అని అడిగారు. చివర్లో ఇంకో మాట కూడా రాశారు: "ఆయన భార్య కొంచెం మొహమాటపడుతున్నారు. నాలుగు రోజులు పోతే అలవాటైపోతుంది కదా?"

లెన్సుల సంగతి, వెలుతురు సంగతి కూడా చెప్తాను. కానీ ముందు ఆ మొహమాటం గురించి మాట్లాడుకోవాలి. నేను ఇరవై ఆరేళ్ళుగా ఈ పని చేస్తున్నాను, అందులో ఎక్కువ భాగం ఇళ్ళల్లోనే. ఇంట్లో తీసే ఫోటోలు నిలబడతాయా లేదా అన్నది ఆ ఒక్క విషయం మీదే ఆధారపడుతుంది. కింగ్ ఇంటి ఫోటోల నుంచి నేను నేర్చుకున్నదీ అదే. వాటిని తీసినవాళ్ళు గొప్ప ఫోటోగ్రాఫర్లే, సందేహం లేదు. అయితే వాళ్ళకు ఆ ఇంటి తలుపు తీసింది కింగ్ భార్య కొరెట్టా. ఎవరు లోపలికి రావాలి, ఏ గదిదాకా రావాలి, ఎప్పుడు వద్దు అన్న విషయాల్లో ఆమె మాట ఎంతుందో తెలిశాక నాకు ఆ ఫోటోలు వేరేలా కనిపించాయి.

మొదట ఒక సంగతి. అవన్నీ ఒకరు తీసినవి కావు. మొనెటా స్లీట్, జేమ్స్ కరాలిస్, ఫ్లిప్ షుల్కీ, ఎర్నెస్ట్ విథర్స్ ఇంకా చాలామంది. ఒక్కొక్కరు ఒక్కో దారిన వచ్చారు, ఒక్కొక్కరితో ఆ కుటుంబానికి ఒక్కో రకమైన సంబంధం.

ఇంకో సంగతి, ఆ ఇల్లు ఎలాంటి ఇల్లో గుర్తుంచుకోవాలి. 1956 జనవరి 30 రాత్రి, బస్సుల్లో జాతి వివక్షకు నిరసనగా మాంట్‌గమరీ నల్లజాతివాళ్ళు మొదలుపెట్టిన బస్సుల బహిష్కరణకు రెండో నెల కూడా నిండని రోజుల్లో, కింగ్ ఒక సభలో ఉండగా వాళ్ళ వరండాలో బాంబు పేలింది. లోపల కొరెట్టా, రెండున్నర నెలలు కూడా నిండని పసిపాప యొలాండా, వాళ్ళ చర్చికి వచ్చే ఒకావిడ ఉన్నారు. అదృష్టం, ఎవరికీ దెబ్బ తగల్లేదు. ఆ తర్వాత అట్లాంటాకు మారారు. 1960 ఏప్రిల్‌లో ఆ ఇంటి ముందు గడ్డిలో ఎవరో సిలువ పాతి తగలబెట్టిపోయారు, నల్లజాతివాళ్ళను బెదిరించడానికి తెల్ల జాత్యహంకారులు చేసే పని అది. అసోసియేటెడ్ ప్రెస్ వాళ్ళ ఫోటో ఒకటి ఉంది, వెతికి చూడండి. కింగ్ ఆ కాలిన సిలువను నేలలోంచి పీకుతున్నారు. పక్కన రెండేళ్ళ కొడుకు మార్టిన్ నిలబడి ఉన్నాడు. పిల్లవాడికి అదేమిటో తెలియదు, నాన్న తోటపని చేస్తున్నాడని అనుకుని ఉంటాడు. నేను మొదటిసారి చూసినప్పుడు సిలువ కంటే ఆ పిల్లవాడి వైపే ఎక్కువసేపు చూశాను.

అంటే వద్దన్నవాళ్ళు ముందే ఆ ఇంట్లోకి చొరబడ్డారు. అలాంటి ఇంట్లోకి ఒక కెమెరాను పిలవడం చిన్న విషయం కాదు. ఊరికే సరదాకి పిలవలేదు కూడా.

మొనెటా స్లీట్ విషయం చూడండి. ఆయన కెంటకీలో పుట్టిన నల్లజాతి ఫోటోగ్రాఫర్. 1955లో నల్లజాతివాళ్ళ పత్రిక ఎబొనీలో చేరి, 1996లో పోయేదాకా అక్కడే పనిచేశారు. 1956లోనే ఆయన మాంట్‌గమరీ వెళ్ళి, డెక్స్‌టర్ ఎవెన్యూ చర్చి మెట్ల మీద కింగ్, కొరెట్టా, చేతుల్లో పసిపాపతో ఉన్న ఫోటో తీశారు. ఇప్పుడు చూస్తే మామూలు కుటుంబం ఫోటో. ఆ రోజుల్లో అది మామూలు కాదు. తెల్లవాళ్ళ పత్రికల్లో నల్లజాతి మనిషి కనపడితే నేరం చేసినవాడిగానో, దెబ్బలు తిన్నవాడిగానో కనపడేవాడు. మంచి బట్టలు వేసుకుని, బిడ్డను ఎత్తుకుని, చర్చి నుంచి ఇంటికి వెళ్తున్న భార్యాభర్తలుగా కనపడేవారు కాదు. ఎబొనీ పత్రిక పుట్టిందే ఆ లోటు తీర్చడానికి. కాబట్టి కింగ్ దంపతులు స్లీట్‌ను రానిచ్చినప్పుడు వాళ్ళకు ఒక పని నెరవేరాలి: మా ఇల్లు కూడా ఇల్లే అని దేశానికి చూపించాలి. మీ పెద్దాయన మిమ్మల్ని ఎందుకు రానిస్తున్నారో మీకు తెలుసా? అడిగారా? ఆయనకు ఒక కారణం ఉంటుంది. ఆవిడకు ఇంకో కారణం ఉండొచ్చు, అసలు ఏ కారణమూ లేకపోవచ్చు. ఆ తేడా తెలుసుకోవడమే మీ మొదటి పని.

జేమ్స్ కరాలిస్ లుక్ పత్రిక మనిషి. ఓటు హక్కు కోసం సెల్మా నుంచి మాంట్‌గమరీకి నడుస్తున్న జనం మీద నల్లటి మబ్బులు కమ్ముకున్న ప్రసిద్ధమైన ఫోటో ఆయనదే. అంతకు మూడేళ్ళ ముందు, 1962లో, ఆయన అట్లాంటాలో కింగ్ వంటింట్లో తీసిన ఫోటో నాకు ఇంకా గొప్పది. అట్లాంటాలో ఫన్‌టౌన్ అని పిల్లల పార్కు ఉండేది. టీవీలో ప్రకటన చూసి యొలాండా అక్కడికి తీసుకెళ్ళమని అడిగింది. అక్కడికి నల్ల పిల్లల్ని రానివ్వరు. ఆ మాట తండ్రి కూతురికి చెప్తున్న సమయంలో తీసిన ఫోటో అది. తర్వాతి ఏడాది ఏప్రిల్‌లో బర్మింగ్‌హామ్ జైలు నుంచి రాసిన ఉత్తరంలో కింగ్ ఈ సంగతే రాశారు. ఆరేళ్ళ కూతురికి చెప్పబోతే నాలుక మెలిపడిపోయిందని, మాట తడబడిందని, ఆ పిల్ల కళ్ళల్లో నీళ్ళు ఊరడం చూశానని. లక్షల మంది ముందు తడబడని మనిషి వంటింట్లో తడబడ్డారు.

అలాంటి మాట ఎప్పుడొస్తుందో ఎవరూ ముందుగా ఫోన్ చేసి చెప్పరు. అది వచ్చేసరికి ఫోటోగ్రాఫర్ అక్కడ ఉండాలి, అతను ఉన్నాడని పిల్ల నోరు మూసుకోకూడదు. నాయకుడి జీవితంలో 'సున్నితమైన కోణం' చూపించడానికి ఇంటి ఫోటోలు తీస్తారని చాలామంది అనుకుంటారు. నేను ఒప్పుకోను. ఆ వంటింటి ఫోటోలో సున్నితం ఏముంది? వీధిలో లాఠీ ఎంతో, ఇంట్లో ఆ మాట అంత. అన్యాయం గడప దాటి అన్నం తినే బల్ల దగ్గరికి ఎలా వస్తుందో చూపించడానికే ఇంటి ఫోటోలు. మీరు వెళ్ళేది అలాంటి ఇంటికే. ఆ ఇంట్లో ఏదో ఒక ఫన్‌టౌన్ ఉంటుంది. పిల్లలకు వేరే ఊళ్ళో అద్దె ఇల్లు ఇవ్వకపోవడమో, పెళ్ళి సంబంధం తప్పిపోవడమో, ఏదో ఒకటి. దాన్ని వెతుక్కుంటూ వెళ్ళకండి. అది ఉంటే, మీరు అక్కడ ఉంటే, అదే వస్తుంది.

ఫ్లిప్ షుల్కీ దగ్గరికి వద్దాం. ఆయన తెల్లజాతి మనిషి, మయామీలో ఉండేవారు. 1958లో కింగ్‌తో పరిచయమైంది, అది స్నేహంగా మారింది. పదేళ్ళలో సుమారు 11,000 ఫోటోలు తీశారు. సెల్మాలో జరిగిన ఒక సంగతి షుల్కీ చాలాసార్లు చెప్పారు. పోలీసులు పిల్లల్ని తోసేస్తుంటే ఆయన కెమెరా వదిలేసి సాయానికి వెళ్ళారు. కింగ్ తర్వాత ఆయన్ని మందలించారు: నువ్వు ఫోటో తీయలేదు కాబట్టి ఆ దెబ్బలు తగిలినట్టు లోకానికి తెలియదు, మాతో కలిసి తోపులాటలో దిగడం కంటే ఫోటో తీయడమే ముఖ్యం అని ఆ మాటల సారం. డాక్యుమెంటరీ నేర్పే ప్రతిచోటా ఈ కథ చెప్తారు. చెప్పాలి కూడా. కానీ చాలామంది కుర్రాళ్ళు దీన్ని ఇంట్లోకి కూడా మోసుకొస్తారు. అది తప్పు. వీధిలో పోలీసు కొడుతున్నప్పుడు ఫోటో తీయకపోవడం కొట్టేవాడికి లాభం. ఇంట్లో భార్య ఏడుస్తున్నప్పుడు తీయకపోతే ఎవరికీ ఏ అన్యాయమూ జరగదు. వీధి నియమం వీధికే.

షుల్కీ తీసినవాటిలో 1964 నవంబరు 8 నాటి ఆదివారం భోజనం ఫోటో ఉంది. చర్చి నుంచి వచ్చాక కుటుంబమంతా బల్ల చుట్టూ కూర్చున్నారు. వెనక గోడ మీద గాంధీ బొమ్మ. 1959లో కింగ్ దంపతులు మన దేశం వచ్చి నెల రోజులు తిరిగి వెళ్ళారు కదా, ఆ గోడ అది గుర్తు చేస్తుంది. నోబెల్ శాంతి బహుమతి ప్రకటించి అప్పటికి నెల కాలేదు. ఇల్లు సంతోషంగా ఉండాల్సిన సమయం.

ఇప్పుడు ఇదే నెలలో ఇంకేం జరిగిందో చూడండి. 1963 అక్టోబరులోనే అటార్నీ జనరల్ రాబర్ట్ కెనడీ అనుమతితో కింగ్ ఫోన్ల మీద అమెరికా కేంద్ర దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐ నిఘా మొదలైంది. హోటల్ గదుల్లో రహస్య మైకులు పెట్టారు. 1964 నవంబరులో, ఆ భోజనం ఫోటో తర్వాత రెండు వారాలకే, ఎఫ్‌బీఐ వాళ్ళు పేరు లేని ఒక ఉత్తరం, ఒక టేపు పోస్టు చేశారు. చచ్చిపో అని కింగ్‌ను సూచించే ఉత్తరం అది. 1965 జనవరిలో ఆ పొట్లం విప్పింది కొరెట్టా.

ఒకే కుటుంబం. ఒకే నెల. పిలిచి భోజనం బల్ల దగ్గర నిలబెట్టిన కెమెరా ఒకటి, పిలవకుండా గోడలో దూరిన మైకు ఒకటి. రెండూ ఆ మనుషుల సొంత జీవితాన్నే పట్టుకున్నాయి. తేడా అనుమతిలోనే ఉంది, మరెక్కడా లేదు. అందుకే మొహమాటం 'అలవాటైపోతుంది' అని మీరు రాస్తే నాకు టెన్షన్ వచ్చింది. మనుషులు దేనికైనా అలవాటు పడతారు. అలవాటు పడటం వేరు, ఒప్పుకోవడం వేరు.

విథర్స్ సంగతి చెప్పకుండా దాటలేను, చెప్పడం నాకు ఇష్టం లేకపోయినా. మెంఫిస్‌లో ఉండే ఎర్నెస్ట్ విథర్స్ నల్లజాతి ఫోటోగ్రాఫర్లలో ఎంతో పెద్ద పేరు. 1956 డిసెంబరులో మాంట్‌గమరీ బస్సులో కింగ్ కూర్చున్న ఫోటో ఆయనదే. 1966లో లొరైన్ మోటల్ గదిలో మంచం మీద కింగ్ అలసిపోయి వాలిన ఫోటో కూడా ఆయనదే. రెండేళ్ళ తర్వాత అదే మోటల్ బాల్కనీలో కింగ్‌ను కాల్చి చంపారు. విథర్స్ 2007లో పోయారు. 2010లో మెంఫిస్ పత్రిక ఒకటి బయటపెట్టింది, ఆయన ఎఫ్‌బీఐకి సమాచారం ఇచ్చేవాడని. ఆ ఫోటోలు ఇప్పటికీ గొప్ప ఫోటోలే. అయినా ఆ మంచం మీది ఫోటో చూసినప్పుడల్లా నా మనసులో ఏదో గుచ్చుకుంటుంది. అంత నమ్మకంగా నడుం వాల్చిన మనిషి ఎదుట నిలబడ్డవాడు ఎవరి మనిషి?

మీరు గూఢచారి కాదు, నాకు తెలుసు. కానీ మీ హార్డ్ డిస్కులో ఆ ఇంటికి వచ్చిపోయేవాళ్ళ ముఖాలు ఉంటాయి, కేసుల కాగితాలు ఫ్రేములో పడతాయి, గేటు, బండి నంబరు, మనవరాలి స్కూలు యూనిఫాం పడతాయి. మన దగ్గర హక్కుల నాయకుల ఇళ్ళు ఎంత భద్రమో చరిత్ర తెలిసినవాళ్ళకు చెప్పక్కర్లేదు. 1985లో వరంగల్‌లో పౌరహక్కుల సంఘం నాయకుడు, పిల్లల డాక్టరు రామనాథం గారిని ఆయన క్లినిక్‌లోనే చంపేశారు. కాబట్టి ఫోటో బయటికి పంపేముందు మూలల్లో ఏముందో చూడండి. ఫోన్‌తో తీసినవైతే లొకేషన్ సమాచారం తీసేయండి. ఇంటికి వచ్చినవాళ్ళను అడక్కుండా ఏ సోషల్ మీడియాలోనూ పెట్టకండి. ఏడాది పూర్తయ్యేదాకా ఏదీ పెట్టకపోతే ఇంకా మంచిది.

ఇప్పుడు నాకు అన్నిటికంటే ముఖ్యమైన రెండు సందర్భాలు.

కనూ గాంధీ పేరు మీరు వినే ఉంటారు. గాంధీగారికి వరసకు మనవడు. సేవాగ్రామ్ ఆశ్రమంలో ఉంటూ, బిర్లా ఇచ్చిన వంద రూపాయలతో రోలిఫ్లెక్స్ కెమెరా కొనుక్కుని, చివరి పదేళ్ళ గాంధీగారిని దగ్గరినుంచి తీశాడు. గాంధీగారు మూడు షరతులు పెట్టారు: ఫ్లాష్ వాడకూడదు, నేను పోజు ఇవ్వను, ఆశ్రమం డబ్బు ఇవ్వదు. డబ్బు సంగతి పక్కన పెడితే మిగతా రెండూ ఈ రోజుకీ ఇంటి ఫోటోగ్రఫీకి సరిపోయే నియమాలు. కానీ నేను చెప్పాలనుకున్నది అది కాదు. 1944 ఫిబ్రవరిలో పుణేలో ఆగాఖాన్ ప్యాలెస్ నిర్బంధంలో కస్తూర్బా చివరి ఘడియల్లో ఉన్నారు. ఆమె తల గాంధీగారి ఒడిలో ఉంది. కనూ ఫోటో తీస్తానంటే గాంధీగారు వద్దన్నారు. ఎంత చారిత్రక దృశ్యమో కనూకు తెలుసు. కెమెరా దించేశాడు.

1968 ఏప్రిల్ 9, అట్లాంటాలో ఎబెనీజర్ చర్చి. కింగ్ అంత్యక్రియల ప్రార్థన. లోపలికి వెళ్ళే కొద్దిమంది ఫోటోగ్రాఫర్ల జాబితాలో ఒక్క నల్లజాతి మనిషి లేడు. ఆ విషయం కొరెట్టాకు తెలిసింది. మొనెటా స్లీట్‌ను రానివ్వకపోతే అసలు ఏ ఫోటోగ్రాఫరూ లోపలికి రావద్దని ఆమె చెప్పారు. భర్త పోయి ఐదో రోజు. నలుగురు పిల్లలు. ఆ స్థితిలో ఆమె ఆ మాట చెప్పడానికి నిలబడ్డారు. స్లీట్ లోపలికి వెళ్ళారు. ఐదేళ్ళ బెర్నీస్ తెల్ల గౌను వేసుకుని తల్లి ఒడిలో తల పెట్టుకుని ఉంది. నల్ల ముసుగు వెనక కొరెట్టా ముఖం నిటారుగా, ఎటో చూస్తూ ఉంది. ఆ ఫోటో దేశమంతా పత్రికల్లో వచ్చింది. 1969లో దానికి పులిట్జర్ వచ్చింది, అమెరికా పత్రికారంగంలో పెద్ద బహుమతి. ఆ బహుమతి అందుకున్న మొదటి నల్లజాతి పురుషుడు స్లీట్.

అక్కడా ఒడిలో తల, ఇక్కడా ఒడిలో తల. అక్కడా చావు, ఇక్కడా చావు. ఒక ఫోటో లేదు, ఒక ఫోటో ఉంది. రెండూ సరైనవే అని నా నమ్మకం. ఒక చోట ఇంటివాళ్ళు వద్దన్నారు, ఒక చోట ఇంటావిడే పట్టుబట్టి రప్పించారు. స్లీట్ ఆ ఫోటో తీయగలిగింది పన్నెండేళ్ళ ముందు చర్చి మెట్ల మీద ఆమె బిడ్డతో ఉన్నప్పటి నుంచీ ఆమెకు తెలిసిన మనిషి కాబట్టి. బహుమతి వచ్చిన ఆ ఫోటోకి 1956లోనే పని మొదలైంది.

ఇక నా తప్పు చెప్తాను. చాలా ఏళ్ళ క్రితం ఒక కార్మిక నాయకుడి ఇంట్లో సమ్మె రోజుల్లో ఫోటోలు తీశాను. ఆయన మనస్ఫూర్తిగా ఒప్పుకున్నారు. "ఏదైనా తీసుకోండి, దాచేదేం లేదు" అన్నారు. ఒక రాత్రి కరెంటు లేదు, ఆయన కూతురు ఎనిమిదో తరగతి పిల్ల, కిరోసిన్ దీపం దగ్గర చిరిగిన యూనిఫాం కుట్టుకుంటోంది. వెలుతురు ముఖం మీద అద్భుతంగా పడింది. తీశాను. ఒక పత్రికలో అర పేజీ వచ్చింది, కింద ఆకలి గురించి రెండు లైన్లు రాశారు. నాయకుడు గర్వపడ్డారు. మరుసటి వారం నేను వెళ్తే ఆ పిల్ల లోపలి గదిలోంచి బయటికి రాలేదు. స్కూల్లో పిల్లలు ఆ పేపరు తెచ్చి ఏమేమి అన్నారో వాళ్ళమ్మ చెప్పింది. తర్వాత, కోపం లేకుండానే, "ఆయన్ని అడిగారు. దాన్ని అడిగారా?" అంది. నా దగ్గర జవాబు లేదు. ఆ అమ్మాయి మళ్ళీ నాతో మాట్లాడలేదు. ఆ నెగెటివ్ వాళ్ళమ్మ చేతికిచ్చేశాను. అంతకంటే చేయగలిగింది ఏమీ లేకపోయింది.

అందుకే మీకు చెప్తున్నాను. పెద్దాయన అనుమతి ఆయన ఒంటి వరకే. ఆవిడ అనుమతి విడిగా అడగండి, ఆయన పక్కన లేనప్పుడు అడగండి. ఆయన ఎదుట అడిగితే "ఆయన సరేనన్నాక నాదేముంది బాబూ" అంటారు, అది ఒప్పుకోలు కాదు. మీరు వెళ్ళేటప్పుడు మీ అమ్మనో అక్కనో వెంట తీసుకెళ్ళినా తప్పు లేదు, మాట తేలిగ్గా వస్తుంది. ఏ గదిలోకి రావచ్చు, వంటింట్లోకి రావచ్చా, పూజ లేదా ప్రార్థన చేసే చోటికి రావచ్చా, ఆవిడ నైటీలో ఉన్నప్పుడు, తల దువ్వుకుంటున్నప్పుడు ఏం చేయాలి, ఇలా మామూలు మాటల్లో మాట్లాడండి. వద్దు అని చెప్పడానికి ఆవిడకు నోరు తెరవాల్సిన అవసరం లేకుండా ఒక గుర్తు పెట్టుకోండి. ఒక ఇంట్లో నేను, పెద్దావిడ కొంగు భుజం మీదికి లాక్కుంటే కెమెరా దించేసేవాణ్ణి. మూడు నెలల తర్వాత ఆవిడ కొంగు లాక్కోవడం మానేశారు. కొందరు ఎప్పటికీ మానరు. అప్పుడు ఆవిడ లేకుండానే మీ పుస్తకం ఉంటుంది, లేదా ఆవిడ చేతులు మాత్రమే ఉంటాయి, ఆవిడ ఆరేసిన బట్టలు ఉంటాయి. అదీ నిజమే.

పిల్లల్ని కూడా వాళ్ళ వయసుకు తగ్గట్టు అడగండి. పదేళ్ళు దాటినవాళ్ళకు ఫోటో చూపించి, ఇది నీ క్లాసువాళ్ళు చూస్తే పర్వాలేదా అని అడగండి. ఈ ఒక్క ప్రశ్న నేను ఆ రోజు అడిగి ఉండాల్సింది.

మొదటి మూడు నాలుగు సార్లు కెమెరా సంచిలోనే ఉంచండి. సంచి మాత్రం కనపడేలా పెట్టండి, దాచొద్దు. టీ తాగండి, ఆయన కోర్టు వాయిదాకి వెళ్తే వెంట వెళ్ళండి, గ్యాస్ సిలిండర్ మార్చాల్సి వస్తే మార్చండి. ఇంటి దినచర్య తెలియాలి. ఏ వేళకు కిటికీ లోంచి వెలుతురు ఎక్కడ పడుతుందో, ఆయన ఏ కుర్చీలో పేపరు చదువుతారో, ఫోన్ ఎప్పుడు ఎక్కువ మోగుతుందో, అర్ధరాత్రి బాధితులు తలుపు కొడితే ఎవరు లేచి టీ పెడతారో. ఆ చివరిది తప్పకుండా గమనించండి. ఉద్యమం చేసేది ఆయనే అయినా, ఉద్యమానికి అన్నం పెట్టేది ఎవరో అక్కడ తెలుస్తుంది.

పరికరాల గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. 35 మిల్లీమీటర్ల లెన్సు ఒకటి, 50 ఒకటి, అంతే. జూమ్ వద్దు, మూలనుంచి లాగి తీయడం అలవాటైతే మనుషులకు దగ్గరగా వెళ్ళడం రాదు. ఫ్లాష్ వద్దే వద్దు. వెలుతురు తక్కువైతే కెమెరా సున్నితత్వం, అంటే ఐఎస్ఓ, 3200 దాకా పెంచడానికి భయపడకండి, ఫోటోలో కొంచెం గ్రెయిన్, అంటే ఇసుక చల్లినట్టు చుక్కలు, ఉంటే నష్టం లేదు. శబ్దం లేని ఎలక్ట్రానిక్ షట్టర్ ఇంట్లో చాలా మేలు, కానీ మన ఇళ్ళల్లో ట్యూబ్‌లైట్లు, చవక ఎల్‌ఈడీ బల్బులు ఉంటాయి. మన కరెంటు 50 హెర్ట్జ్, కాబట్టి దీపం సెకనుకు వందసార్లు మినుకుతుంది. షట్టర్ వేగం ఎక్కువ పెడితే ఫోటోలో చారలు పడతాయి. సెకనులో 50వ వంతు గాని 100వ వంతు గాని పెట్టుకోండి, చారలు చాలావరకు పోతాయి. వీలైతే పగలు లైటు ఆపించి కిటికీ వెలుతురులోనే తీయండి.

గోడల్ని మాత్రం వదలకండి. షుల్కీ ఫోటోలో గాంధీ బొమ్మ లేకపోతే అది సగం ఫోటో. మీ పెద్దాయన గోడ మీద అంబేడ్కర్ ఉంటారు, ఫూలే దంపతులు ఉండొచ్చు, పక్కనే పెళ్ళి ఫోటో, కిరాణా కొట్టువాళ్ళ క్యాలెండరు, ఎప్పుడో సభలో ఇచ్చిన మెమెంటో. వాటి వరుసలో ఒక జీవితం ఉంటుంది. అంబేడ్కర్ పేరు వచ్చింది కాబట్టి, 1934లో బొంబాయిలో ఆయన ఇల్లు రాజగృహలో తీసిన వాళ్ళ కుటుంబం ఫోటో చూడండి. రమాబాయి, కొడుకు యశ్వంత్, వదినగారు, అన్న కొడుకు, పెంపుడు కుక్క కూడా ఉన్నాయి. అందరూ కెమెరా వైపు చూస్తూ పోజు ఇచ్చిన ఫోటోనే. తర్వాతి ఏడాది మే నెలలో రమాబాయి పోయారు. పోజు ఇచ్చిన ఫోటో డాక్యుమెంటరీ కాదు అని మీకు ఎవరైనా చెప్తే నమ్మకండి. ఇంట్లోవాళ్ళు మంచి బట్టలు కట్టుకుని వరసగా నిలబడి తీయమంటే ఆనందంగా తీయండి. వాళ్ళు తమను ఎలా చూపించుకోవాలనుకుంటున్నారో అందులో తెలుస్తుంది.

హక్కుల సంగతి మొదటి నెలలోనే కాగితం మీద తెలుగులో రాసుకోండి. మన కాపీరైట్ చట్టం ప్రకారం, ఎవరో డబ్బిచ్చి తీయిస్తేనో ఉద్యోగంలో భాగంగా తీస్తేనో తప్ప, ఫోటో హక్కు తీసినవాడిదే. అంటే ఆ కుటుంబం ముఖాలు మీ సొత్తవుతాయి. చట్టం ఇచ్చినంతా తీసుకోవాల్సిన పని లేదు. ప్రదర్శనకి, పుస్తకానికి వాడొచ్చు, ప్రకటనలకి, పార్టీ పోస్టర్లకి వాడకూడదు, ఆవిడ గాని పిల్లలు గాని ఎప్పుడైనా ఏ ఫోటోనైనా తీసేయమంటే తీసేయాలి అని రాయండి. కింగ్ పోయాక ఆయన ముఖంతో ప్లాస్టిక్ విగ్రహాలు చేసి అమ్ముకోబోతే కుటుంబం కోర్టుకి వెళ్ళాల్సి వచ్చింది. 1982లో జార్జియా సుప్రీంకోర్టు, మనిషి పోయాక కూడా ఆ హక్కు వారసులదేనని చెప్పింది. మీ పెద్దాయన అంత ప్రసిద్ధుడు కాకపోవచ్చు. ఎన్నికలొస్తే ఏ ఫోటో ఎక్కడ తేలుతుందో చెప్పలేం.

ఎంపిక చేసేటప్పుడు ఆవిడ పక్కన కూర్చోవాలి. ఆయన కాదు, ఆవిడ. ఆయన అన్నీ బాగున్నాయంటారు. ఆవిడ ఒక ఫోటో పక్కకు పెడితే ఎందుకని నిలదీయకండి. నాకు అనుభవం మీద తెలిసింది, వంద ఫోటోల్లో పక్కకు పెట్టేది నాలుగైదే. వాటిలో ఒకటి మీ కంటికి అన్నిటికంటే మంచి ఫోటో అయి ఉంటుంది. కనూ గాంధీని గుర్తు తెచ్చుకోండి.

చివరగా ప్రింట్లు. ఎబొనీ పత్రిక నడిపిన కంపెనీ దివాలా తీస్తే 2019లో కొన్ని ఫౌండేషన్లు కలిసి ఆ ఫోటోల భాండారాన్ని 3 కోట్ల డాలర్లకు కొని భద్రపరిచాయి, 40 లక్షలకు పైగా ఫోటోలు, నెగెటివ్‌లు. మన దగ్గర అలాంటి ఫౌండేషన్లు రావు. మీ పనికి భాండారం ఆ ఇంటి బీరువానే. ప్రతి నెలా పది ఫోటోలు మంచి కాగితం మీద ప్రింటు వేయించండి, పోస్టుకార్డు కంటే కొంచెం పెద్దవి చాలు. వెనక మెత్తటి పెన్సిల్‌తో తేదీ, ఎవరెవరు ఉన్నారో రాయండి. బాల్‌పెన్నుతో రాస్తే అచ్చు ముందుకి దిగుతుంది. తీసుకెళ్ళి ఆవిడ చేతికివ్వండి, ఆయనకి కాదు. ఏ ఫోటో గోడకెక్కుతుందో, ఏది బీరువాలోకి వెళ్తుందో చూడండి. రెండో నెల నుంచి మీరు ఏం తీయాలో ఆవిడే చెప్పడం మొదలుపెడతారు. "మొన్న మనవడు వచ్చినప్పుడు నువ్వు లేవు బాబూ" అని ఆవిడ అన్న రోజు నాకు ఇక్కడ ఒక మాట రాయండి.